వెనకాల ఎర్ర స్విచ్చు

మా కొడుకు బొగ్గు బాయిలో ఫిట్టర్. పినపాక దగ్గర కంపెనీ క్వార్టర్లలో ఉండేవాళ్లం. క్వార్టర్లలో కరెంటుకు మేం కట్టేది లేనట్టే లెక్క. అందుకని మా లైనులోని ఇళ్లన్నిట్లో అన్నం, కూర, స్నానాల నీళ్లు అన్నీ కాయిల్ హీటర్ మీదే. మా ఇంట్లో గ్యాసు బండ ఉన్నా కోడల్ని దాని జోలికి పోనిచ్చేదాన్ని కాదు. ఊరికే వచ్చే కరెంటు ఉండగా గ్యాసు తగలెయ్యడం నావల్ల కాదు. పొద్దుగూకితే అందరూ హీటర్లు ఒక్కసారే పెట్టేవాళ్లు. బల్బులు ఎర్రబడేవి, ఫ్యాన్లు ఈగల్ని కూడా తోలేవి కాదు.

మనుమరాలు ఖమ్మంలో డిప్లొమా ఆఖరి సంవత్సరం చదువుతుండేది. ప్రాజెక్టు రాసుకోవడానికి ఇంటికొస్తే, వాళ్ల నాన్న ఎవరి దగ్గరో ఒక పాత కంప్యూటర్ కొనుక్కొచ్చాడు. ఆ ప్రాజెక్టు సోమవారం కాలేజీలో ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ ఏడు పోయినట్టే.

ఆ కంప్యూటర్ మధ్యాహ్నం బాగానే లేచేది. సాయంత్రం బటన్ నొక్కితే లోపల ఫ్యాను సగం తిరిగి ఆగిపోయేది. పిల్ల వైరు మార్చి చూసింది, ఇంకో గదిలో ప్లగ్గు పెట్టి చూసింది. కోడలు మూత తీసి బొగ్గు దుమ్మంతా తుడిచింది. అయినా అంతే.

శుక్రవారం డ్యూటీ దిగి వచ్చిన కొడుకు టార్చిలైటు పట్టుకుని దాని వెనకాల కూర్చున్నాడు.

"దీని తప్పేం లేదవ్వా. ఓల్టేజి సాలుతలేదు."

కరెంటు వైరు గుచ్చే డబ్బా మీద ఒక ఎర్ర స్విచ్చు ఉంది. ఒక పక్క 230 అని, ఇంకో పక్క 115 అని రాసుంది. "మన లైన్ల ఇప్పుడు నూటయాభై గూడ ఉండది. తక్కువ దిక్కు పెడితే తక్కువ కరెంటుకే లేస్తది" అని స్క్రూడ్రైవర్‌తో అటు జరిపాడు. బటన్ నొక్కితే కంప్యూటర్ నిజంగానే లేచింది.

"సూసినవా? బాయిల ఇంతింత మోటార్లు తిప్పేటోన్ని, ఇదొక లెక్కనా!"

"తిప్పింది సాలుగని, పో, ఆ హీటర్ మీది పప్పు తిప్పు. అడుగంటుతున్నది" అన్నాను.

పిల్ల రాసుకుంటూ కూర్చుంది. లైనులో వంటలవుతున్నకొద్దీ ఒక్కో ఇంట్లో హీటర్ ఆగుతోంది. మా బల్బు తెల్లబడింది. ఆ వెంటనే కంప్యూటర్‌లో ఢామ్మని పేలింది. పొగ, కమురు కంపు, ఇంటి ఫ్యూజు కూడా ఎగిరింది.

పిల్ల ఏడవలేదు. "నాయనమ్మా, రాసిందంతా అండ్లనే ఉన్నది. ఇంకెక్కడ లేదు" అంది. కొడుకు మళ్లీ స్క్రూడ్రైవర్ అందుకోబోతే లాక్కున్నాను. "నువ్వు సూసింది సాలు."

తెల్లారి వాడికి డ్యూటీ. నేనే పిల్లను వెంటబెట్టుకుని భద్రాచలం బస్సెక్కాను. కంప్యూటర్ డబ్బాను దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను.

"అమ్మమ్మా, దానికి లగేజీ టికెట్ కొట్టాలె" అన్నాడు కండక్టర్.

"నా ఒళ్లె ఉన్నది. పిల్లను ఒళ్లె కూసోబెట్టుకుంటే టికెట్ కొడ్తవా?"

"ఏ పిల్ల ఉంటదమ్మా గంత బరువు?"

"మా కొడుకు ఉండె."

బస్సులో నవ్వులు లేచాయి. అతను ముందుకు పోయాడు.

రిపేరు షాపులో ఉన్నాయన మూత విప్పగానే వాసన చూసి, "ఎర్ర స్విచ్చు జరిపింది ఎవరు?" అన్నాడు. పిల్ల నా దిక్కు చూసింది.

"మా ఇంట్లనే. ఎవరైతే ఏంది, సంగతి చెప్పు."

ఆ స్విచ్చును తక్కువ వైపు పెడితే, వచ్చిన కరెంటును డబ్బా లోపల రెట్టింపు చేసుకుంటుందట. హీటర్లు నడిచినంతసేపు అది సరిపోయింది. హీటర్లు ఆగి కరెంటు నిండుగా వచ్చేసరికి దాన్నీ రెట్టింపు చేసుకోబోయి పేలిపోయింది.

"మరి పిల్ల రాసింది?"

"ఇప్పుడే చెప్పలేనమ్మా. ఒక్కోసారి పోతా పోతా అన్నిటినీ తీసుకపోతది."

పేలిన డబ్బా ఊడబీకి, షాపులోది ఇంకోటి తగిలించాడు. పిల్ల రాతంతా ఉండే హార్డ్ డిస్కుకు మాత్రం వైరు పెట్టలేదు. ఎందుకని అడిగాను. "ముందుగాల బోర్డు బతికిందో లేదో చూద్దాం. దాంట్ల ఏదన్న లోపముంటే డిస్కు మీదికి తేవద్దు" అన్నాడు. ఆ పద్ధతి నాకు నచ్చింది. ఫ్యాను తిరిగింది, బీప్ మంది, షాపులోని టీవీ లాంటి తెర మీద అక్షరాలు వచ్చాయి.

అప్పుడు అడిగాడు, పేలినదాన్నే బాగు చెయ్యాలా, కొత్తది వెయ్యాలా అని. ఇంకే వస్తువైనా బాగు చెయ్యమనేదాన్ని. పిల్ల గోళ్లు కొరుక్కుంటూ నిలబడింది.

"కొత్తదే వెయ్యి. పాతది నాకియ్యి."

"పేలిందాన్ని ఏం చేసుకుంటవమ్మా?"

"నాది నాకియ్యి."

కొత్తది బిగించి, ఆఖరికి డిస్కుకు వైరు పెట్టాడు. టిక్కుటిక్కుమంది. అది మంచి చప్పుడో చెడ్డ చప్పుడో నాకు తెలవదు. పిల్ల నా మణికట్టు పట్టుకుంది, గాజులు గుచ్చుకున్నా వదల్లేదు. టిక్కుటిక్కు ఆగి గుయ్యిమంది. బొమ్మ వచ్చింది. పిల్ల వంగి తన రాత తెరిచి, కిందికి కిందికి జరుపుకుంటూ పోయింది.

"అంత ఉన్నదా?"

"అవ్ నాయనమ్మా. ఆఖరి పేజీ ఒక్కటే లేదు. రాస్తుంటెనే పేలింది గదా."

"ఒక్క పేజీనే గదా. కూసోని రాయి."

షాపాయన స్టూలు జరిపాడు. ఎవరో వచ్చి తన కంప్యూటర్ సంగతి మొదలుపెడితే, "జరసేపు ఆగు బిడ్డా, మా పిల్ల రాస్తున్నది" అన్నాను. పిల్ల రాసింది, షాపాయన దాన్ని సీడీలోకి ఎక్కించాడు. ఇంకోటి కూడా చెయ్యమన్నాను. ఒకటి పిల్ల సంచిలో, ఒకటి నా చేతిలో.

సోమవారం మధ్యాహ్నం పిల్ల ఖమ్మం నుంచి పక్కింటి ఫోనుకు చేసింది.

"ఇచ్చిన నాయనమ్మా. తీసుకున్నరు."

"సరే. ఇగ పెట్టెయ్, పైసలు పోతయి" అన్నాను.