మార్తమ్మ వదిన కాచిన డప్పు

మా వదిన మార్తమ్మగారు ప్రభువు సన్నిధికి చేరారన్న దుర్వార్త వినగానే కాల్గరీ నగరం యావత్తూ దిగ్భ్రాంతితో స్తంభించిపోయింది. ఊళ్లో తిరిగే సీ-ట్రెయిన్లు సైతం ఆగిపోయాయి. సరే, ట్రెయిన్లు ఆగింది మంచువల్ల. స్తంభించింది నేను. ఫోన్‌లో మా అన్న కొడుకు "బాబాయ్, ఆర్ యూ దేర్?" అంటూనే ఉన్నాడు.

సమాధి కార్యక్రమం ముగియగానే సంఘపెద్ద జాన్‌బాబుగారు నా భుజమ్మీద చెయ్యేశారు. "ఆమె భక్తి, సేవ గురించి మన పత్రికలో ఒక పేజీ రాయండి బ్రదర్. ఆ డ్రమ్ టాపిక్ మాత్రం ఎవాయిడ్ చేయండి." తప్పకుండా అన్నాను. కనుక డ్రమ్ గురించే రాస్తున్నాను. ఈ పత్రికను అచ్చుకు పంపేది నేనే. ఆయన చదివేది మీతోపాటే.

నర్సుగా రిటైరయ్యాక వదిన కమ్యూనిటీ సెంటర్లో బౌరాన్ క్లాసులో చేరి, తోడుగా నన్నూ లాక్కుపోయింది. బౌరాన్ ఐర్లండువాళ్ల వాయిద్యం. గుండ్రటి చెక్క చట్రం, దానికి మేకతోలు, కుడిచేతిలో పొట్టి పుల్ల. తొలి పాఠంలోనే ఆ విదుషీమణి గురువును అధిగమించింది. అబద్ధం. శీతాకాలమంతా తంటాలు పడింది. జిగ్ అనే వాళ్ల నాట్యగతి నడక మన తకిట-తకిటే. పుల్ల కిందికి, పైకి, కిందికి పోయాక మళ్లీ కిందికే మొదలవ్వాలి. వదిన పుల్ల రెండో తకిటకి పైకి లేచిపోయేది.

"మణికట్టు తిప్పు మార్తా, తలుపు కొట్టకు," అనేది టీచర్ మోరా.

"దీనికంటే ఏడ్చే పిల్లాడికి సూదిమందు వెయ్యడం నయం మరిదీ," అనేది వదిన నాతో.

కాల్గరీ పొడిగాలికి తోలు బిగుసుకుంటుందని మోరా నీళ్లు చిలకరించేది. ఒకరోజు అలా మెత్తబడిన తోలును వదిన తిన్నగా సెంటర్ వంటగదికి పట్టుకెళ్లి స్టవ్ మీద కాచింది. కమురు వాసన, పొగ అలారం, గుండె పట్టుకుని పరుగెత్తుకొచ్చిన మోరా!

"మా నాన్న డప్పు ఇట్లాగే కాచేవాడమ్మా," అంది వదిన అచ్చ తెలుగులో. తిరుగు దారిలో కారులో చెప్పింది: "ఆడపిల్లవని నన్ను ముట్టనిచ్చేవాడు కాదు. ఇన్నాళ్లకి ముట్టుకున్నా మరిదీ."

ఈస్టర్ ఆరాధనలో ఒక్క కీర్తనకు వాయిస్తానంది. ఈ సంఘాన్ని ఆమె కోరింది అదొక్కటే. జాన్‌బాబుగారు గొంతు తగ్గించారు. "సిస్టర్, కెనడా వచ్చి కూడా డప్పేనా?"

"ఇది ఐరిష్ డ్రమ్ బ్రదర్."

"చూసేవాళ్లకి తెలీదు కదా!"

వదిన దాన్ని సంచిలో పెట్టేసింది. మళ్లీ తీయలేదు. అదే జాన్‌బాబుగారు మొన్న శవపేటిక పక్కన నిలబడి, "మన సంఘానికి సంగీతం ఆమే," అని కళ్లు తుడుచుకున్నారు.

జాన్‌బాబుగారూ, మీ నాన్నగారూ మా వదిన నాన్నగారూ ఒకే జట్టు. మన ఊళ్లో క్రిస్మస్ ఊరేగింపు ముందు మోగినవి వాళ్ల డప్పులే. వెనక లాంతరు పట్టుకు నడిచింది మా నాన్న. ఆ మాట మొహాన అనెయ్యి వదినా అంటే, "పోనీలే, సిగ్గుపడతాడు," అంది. నాకంత క్రైస్తవ క్షమాగుణం లేదు.

వచ్చే ఆదివారం సంస్మరణ కూడికలో ఆ కీర్తనకు బౌరాన్ నేను వాయిస్తాను. నేనూ ఉద్దండ విద్వాంసుణ్ణే. కాదు; నాకొచ్చింది ఒక్క తకిట, రెండోది తడబడుతుంది. సరిదిద్దడానికి వదిన లేదు. ఇక ఆ లోటు తీరేది కాదు. అందుకని చర్చి బేస్‌మెంట్ స్టవ్ మీద దాన్ని బాగా కాచి తెస్తాను, ఐరిష్ డ్రమ్మని ఎవరూ పొరబడనంతగా.

ముందు వరుసలో మీ కుర్చీ ఉంచుతాను బ్రదర్. మీ పాదం దానంతటదే కదిలితే, వదినకు నివాళి ముట్టినట్టే.