ఫర్నేస్‌ వాళ్ల చెరువు

మా నాన్న ఉద్యోగమంతా భిలాయి ఉక్కు ఫ్యాక్టరీలో, ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గరే గడిచింది. రిటైరయ్యాక భిలాయి పక్కనున్న ఉతై దాటి కాస్త పొలం కొన్నాడు. వరుసగా రెండేళ్లు వానలు ముఖం చాటేశాయి, వరి ఎండిపోయింది. ఇక కరువొచ్చినా తట్టుకోవడానికి, పొలం మూలన చెరువు తవ్వించాలని పట్టుబట్టాడు. మట్టి తవ్వడానికి జేసీబీ వచ్చింది. గట్టుకి రాళ్లు పేర్చడానికి మాత్రం తనతోపాటు రిటైరైన నలుగురు ఫర్నేస్ మిత్రులొచ్చారు. చెరువు గురించి ఒక్కరికీ తెలీదు గానీ సలహాలకి లోటు లేదు. నాకు విసుగొచ్చి వాళ్లకి టీలు మోయడం మానేశాను.

గట్టు పూర్తయిన వారానికి బాగా మబ్బు పట్టింది. అందరం చూడ్డానికి వెళ్లాం. నాలుగు చినుకులు గోతిలో పడ్డాయో లేదో, "పానీ, పీఛే హటో" అని, నీళ్లు, వెనక్కి జరగండని ఫర్నేస్ దగ్గర అరిచినట్టే నాన్న కేకేశాడు. ఐదుగురు ముసలాళ్లూ గట్టు దిగి ఒకటే పరుగు. కరిగిన ఇనుముకి నీళ్లు తగిలితే పేలిపోతుంది. ఆ భయం వాళ్ల కాళ్లలో ఇంకా ఉంది.

గొడుగు కింద అమ్మ ఒక్కతే కదల్లేదు. "ఏటండీ, నీళ్ల కోసవే కదా తవ్వినారు. నీళ్లని చూసి పరుగులేటి?" అంది.

ముందు నాన్నకి నవ్వొచ్చింది, తర్వాత అందరికీ. ప్యాంట్లు పైకి మడిచి ఐదుగురూ గోతిలోకి దిగారు. వాన జోరందుకుంది. నీళ్లు చీలమండలు దాటాయి. ఫ్లాస్కులో టీ తెచ్చానని నేను గట్టు మీంచి పిలిచినా ఎవరూ పైకి రాలేదు.

"ఉండవే, ఇంకా పడనీ" అన్నాడు నాన్న.