ఊరందరి గంట మీద నా దిద్దుబాటు

ఈ సంగతి ఇన్నాళ్లు రాయకపోవడానికి సిగ్గొక్కటే కారణం కాదు. చిన్నప్పుడు మా బాపు నా చేతికి మేక తాడు ఇచ్చాడు, పలక ఇవ్వలేదు. మనవరాలు పుట్టాక, యాభై ఎనిమిదో ఏట, మహిళా సంఘం వాళ్ల సాయంత్రం బడిలో అఆలు దిద్దాను. అక్షరాలు రానన్నాళ్లూ నా వల్ల ఊరికి ఏ నష్టమూ జరగలేదు. వచ్చిన ఆరు నెలలకే ఊరి గంటను పాడుచేశాను.

పానగల్ అవతల మా ఊరి గుడిలో తాతల నాటి కంచు గంట ఉండేది. తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు అది బీట పడింది. కొడితే రొంప పట్టిన దున్నపోతులా మూలిగేది. పట్నం నుంచి కొత్తది తెద్దామన్నాడు సర్పంచ్. చెంబులు, గంటలు పోసే కంచరి వీరయ్య అడ్డం పడ్డాడు.

"గది మా తాత పోసిన గంట. కరగబెట్టి మల్ల నేనే పోస్త. కండ్లు మసకైనా చేతులు మరువలే."

ఒక్కసారికి ఒప్పుకున్నారు. పాతదాని మీద ఉన్నట్టే 'ఊరందరి గంట' అనే అక్షరాలు పైకి తేలాలన్నారు.

ఒకరోజు మధ్యాహ్నం వీరయ్య నన్ను పిలిచాడు. "చెల్లె, బువ్వ తినొస్త. మట్టి అచ్చు ఇంకా పచ్చిగుంది. కోళ్లు తొక్కకుండ జర చూడు."

చూడమన్నది కోళ్లను. నేను చూసింది అచ్చు లోపల. దాని లోపలి గోడ మీద ఒక్క అక్షరమూ తిన్నగా లేదు. అన్నీ అలిగిన కోడళ్లలా వెనక్కి తిరిగి కూర్చున్నాయి.

"పాపం, వీరన్నకు చదువు రాదు" అన్నాను.

నా వెంట వచ్చిన తోటికోడలు సాయమ్మ కంగారు పడింది. "అక్కా, ముట్టకే. ఆయన పని ఆయనకెరుక."

"ఊరి ముంగట ఆయన పరువు పోతది గదనే. జర దిద్దితే ఏమైతది?"

"నీకు అక్షరాలొచ్చి ఎన్ని దినాలైంది?"

"మొన్ననే. అందుకే ఇంకా పదునుగున్నయ్."

తడి మట్టితో పాత అక్షరాలు పూడ్చేశాను. గాజులకు తగిలించిన పిన్నీసు తీసి, మా పంతులమ్మ చూస్తే మురిసిపోయేలా రాశాను. వీరయ్య వచ్చి, నా మీద నమ్మకంతో లోపల చూసుకోకుండానే అచ్చు మూశాడు. చేసిన పుణ్యం చెప్పుకోకూడదని నేను నోరు మూసుకున్నాను.

అచ్చు ఆరి కాలాక కంచు పోశారు. నాలుగో రోజు ఊరందరి ముందు మట్టి పగలగొట్టారు. గంట ధగధగ మెరిసింది. అక్షరాలు మాత్రం అద్దంలో చూసినట్టు తిరగబడ్డాయి. మొత్తం రాతలో సరిగ్గా ఉన్నవి రెండు సున్నలే. అచ్చులో వెనక్కి రాస్తేనే గంట మీద తిన్నగా వస్తాయని నాకు ఏ పంతులమ్మ చెప్పింది?

"చెప్తే విన్నరా?" అన్నాడు సర్పంచ్. "ముసలాయనకు కండ్లు పోయినయ్. కంచు బండికెక్కించుర్రి, పట్నం పంపుదాం."

వీరయ్య ఆ అక్షరాలను వేళ్లతో తడిమాడు. తనవి కావని తెలిసిపోయింది. నా వైపు చూశాడు. తిట్టి ఉంటే ఎదురు తిట్టి తప్పించుకునేదాన్ని.

"సర్పంచ్ సాబ్, గవి నా అక్షరాలు. నేనే దిద్దిన" అన్నాను.

"నీకు చదువొచ్చునా?"

"గింతంత."

ఊరు నవ్విన నవ్వు పక్క ఊరికి వినబడింది. ఆ పూటకు గంట అవసరమే లేకపోయింది.

"చదువు రాక పని చెడగొట్టినోళ్లను మస్తు మందిని చూసిన, చెల్లె" అన్నాడు వీరయ్య. "వచ్చి చెడగొట్టింది నువ్వొక్కదానివే."

సర్పంచ్‌కూ నవ్వాగలేదు. "సరే, మల్లోసారి పొయ్యి, వీరన్నా."

అక్కడే, ఆ వంకర గంట మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాను: ఎవరి అక్షరం తలకిందులుగా వేలాడుతున్నా సరే, రాసినవాళ్లను అడగకుండా వేలు పెట్టను.

మర్నాడు పొద్దున్నే కొత్త అచ్చుకు మట్టి తొక్కడానికి పోయాను. వీరయ్య నన్ను కింది నుంచి మీది దాకా చూశాడు.

"తొక్కుదువు గాని, ముందుగాల కండ్లకు గంతలు కట్టుకో."

కట్టుకునే తొక్కాను.