భిక్షమయ్య సారుకు రాయాల్సిన సవరణ

భిక్షమయ్య సారు ఇక లేరన్న సంగతి నాకు ఎవరూ ఫోను చేసి చెప్పలేదు. దిద్దమని నా బల్ల మీదికే వచ్చింది. మధ్యాహ్నం మూడు దాటి ఉంటుంది. మిర్యాలగూడ విలేకరి పంపిన నాలుగు వాక్యాలు తెర మీద కనబడ్డాయి. ‘సీనియర్ పాత్రికేయుడు భిక్షమయ్య గుండెపోటుతో కన్నుమూశారు’ అన్న మొదటి వాక్యం చదివాను. అలవాటు కొద్దీ రెండో వాక్యంలో ఒక అచ్చుతప్పు దిద్దాను. మూడో వాక్యంలోకి వెళ్లాక గానీ ఆ పేరు ఎవరిదో నా బుర్రకెక్కలేదు. పక్క బల్ల దగ్గర ఎవరో టీ తాగుతావా అని అడుగుతున్నారు. ఆ మాట ఎక్కడో నీళ్ల అడుగు నుంచి వచ్చినట్టు వినబడింది. సారు అరచేయి ఎప్పటిలా నా భుజం మీద ఉన్నట్టే అనిపించింది.

ఆ వార్త చివర ‘నిబద్ధతకు నిలువుటద్దం’ అని ఉంది. మా వృత్తిలో పోయిన ప్రతి మనిషికీ ఈ అద్దం ఒకటి తగిలిస్తాం. సారుకు అది నిజంగానే తగును. కానీ ఆయన పేరు మీద ఒక మచ్చ ఉంది. చిలుకూరు మండలంలోని ఒక ఊరికి ఆయన నేటికీ ఒక నిరపరాధి మీద అబద్ధపు వార్త వేసిన మనిషే. ఆ వార్త రాసింది నేను. అబద్ధమాడింది నేను. పదకొండేళ్లుగా ఆ సంగతి ఆయనకు చెప్పకుండా నాలో దాచుకున్నదీ నేనే. అది విప్పకుండా ఎన్ని సంస్కృత సమాసాలు పేర్చినా, ఈ నివాళి మరో అబద్ధం అవుతుంది. పాఠకులు దీన్ని సంస్మరణగా చదివినా, సవరణగా చదివినా నాకు సమ్మతమే.

సూర్యాపేటలో ఒక జిరాక్సు దుకాణం మీది ఇరుకు గది మా పత్రిక కార్యాలయం. చుట్టుపక్కల మండలాల వార్తలన్నీ అక్కడ సారు చేతి మీదుగా సాగిపోయేవి. నేను చిలుకూరు మండలానికి కొత్తగా చేరిన విలేకరిని. సన్నగా, పొడుగ్గా, సగం మూసిన కళ్లతో ఉండే ఆయన్ని తొలిసారి చూసి, ఈయన కూర్చునే నిద్రపోతున్నాడనుకున్నాను. నా మొహం! ఆయన అంత మెలకువగా విన్న మనిషిని ఆ తర్వాత నేను ఎక్కడా చూడలేదు.

నా మొదటి పెద్ద వార్త ఒక సర్పంచి మీద. వేయని సిమెంటు రోడ్డుకు బిల్లు ఎత్తాడని రాసి, పొంగిపోతూ తీసుకెళ్లాను. సారు చదివి, ‘వెర్షన్ తీసుకున్నవా?’ అని అడిగారు. ఎవరి మీద రాస్తున్నామో వారి వివరణను మా వాళ్లు వెర్షన్ అంటారు. సాయంత్రం ఫోను చేస్తాలెండి అన్నాను. ఆయన లేచి చెప్పులేసుకున్నారు. ఇద్దరం కోదాడ బస్సెక్కాం. కిటికీ పక్కన కళ్లు మూసుకుని కూర్చున్నారు. బయట పొగమంచులో వరిచేలు కరిగిపోతున్నాయి. ఆయన పెదవులు మాత్రం నా వార్తలోని వాక్యాలను ఒక్కొక్కటిగా పలుకుతున్నాయి.

సర్పంచి ఇంట్లో సారు మంచం మీద కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని, ఆ వార్తను అతని ముఖం మీదే మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించారు. కోపం లేదు, వెటకారం లేదు, రేడియోలో వాతావరణం చెబుతున్నట్టు చదివారు. నేను గోడకు అంటుకుపోయాను. సర్పంచి మొహం కందగడ్డ అయింది. కాసేపు పళ్లు నూరి, చివరికి రోడ్డు వేయలేదనడం తప్పు, వేశాను, కాకపోతే వేరే వాడలో వేశాను అన్నాడు. ఏ వాడ అని సారు మెల్లగా అడిగారు. అది సర్పంచి బామ్మర్ది ఇంటి ముందరి వాడ అని తేలింది. తిరిగి వస్తుంటే సారు చిన్నగా నవ్వి, ‘సూసినవా, ఆయన నోరు విప్పితేనే మన వార్త పూర్తయింది’ అన్నారు.

అదే ఆయన పద్ధతి. ఎవరి మీద రాసినా, అచ్చుకు వెళ్లేలోగా వాళ్ల ముందు కూర్చుని చదివి వినిపించాలి. తోటి విలేకరులు నవ్వుకునేవారు. ముందే చదివితే పైనుంచి ఒత్తిడి రాదా, వార్త ఆగిపోదా అని వాదించేవారు. ఒత్తిళ్లు వచ్చేవి, నిజమే. ఆయన వాటిని చెవిన పెట్టేవారు కాదు. ఒకసారి నేనూ విసుక్కుంటే, ‘మనం అడిగేటోళ్లం. అడిగేటోనికి వినే ఓపిక లేకపోతే గది అడుగుడు కాదు, తిట్టుడు’ అన్నారు. ఆ మాట రాసుకుని పర్సులో పెట్టుకున్నాను. పెట్టుకున్నంత మాత్రాన ఒంటబట్టలేదు.

రాష్ట్ర బడ్జెట్ పుస్తకాలు, శాసనసభ ప్రశ్నోత్తరాల ప్రతులు ఎవరెవరినో బతిమాలి తెప్పించుకునేవారు. అందరూ సినిమా పేజీ తిరగేసే ఇరానీ హోటల్లో ఈయన నీటిపారుదల పద్దులు తిరగేస్తూ మైమరచిపోయేవారు. ‘ఈ పుస్తకంల మనూరి చెరువుకట్ట ఉన్నది, బయట లేదు’ అని పసిపిల్లవాడిలా ఆశ్చర్యపడేవారు. ఆ ఆశ్చర్యం ఆయనకు చివరి దాకా తీరలేదు. మనబోటి వాళ్లకు మొదటి ఏడాదే తీరిపోతుంది. కోదాడలో ఒక శాసనసభ్యుడు పెట్టిన విలేకరుల సమావేశంలో, మా ప్రాంతం గురించి సభలో ఏ ప్రశ్న అడిగారో చెప్పమని ఈయన నిలబడ్డారు. ఆ పెద్దమనిషి నవ్వి, ముందు భోజనం చేయండి సారూ అన్నాడు. సారు భోజనం చేయలేదు. విస్తళ్లు ఎత్తేదాకా జవాబు కోసం అదే కుర్చీలో శాంతంగా కూర్చున్నారు. ఆకలేస్తున్నా ఆయనను వదిలి తినలేక, నేను లోలోపల తిట్టుకుంటూ పక్కనే కూర్చున్నాను.

ఇక నా సంగతి. ఒక ఎండాకాలం మధ్యాహ్నం, మొదట చెప్పిన ఆ చిలుకూరు మండలపు ఊరి అంగన్‌వాడీ కేంద్రం వెనుక నుంచి కోడిగుడ్ల అట్టలు ఆటోలోకి ఎక్కిస్తుంటే చూశాను. ఫొటో తీశాను. ‘పసివాళ్ల గుడ్లు ఎటు పోతున్నాయి?’ అని శీర్షిక పెట్టి, టీచర్ రూతమ్మ గుడ్లు అమ్ముకుంటోందని రాశాను. ఆమె ఇల్లు అక్కడికి నాలుగడుగులు. ఆమె నంబరు నా ఫోనులోనే ఉంది. అడగలేదు. అడిగితే ఆమె ఏదో చెబుతుంది, నా వార్త చప్పబడిపోతుందని భయం. ‘వివరణ కోరేందుకు ప్రయత్నించగా ఆమె అందుబాటులోకి రాలేదు’ అని చివర ఒక వాక్యం తగిలించాను. ఈ వాక్యం మా వృత్తిలో ఎందరు ఎన్నిసార్లు ఊరికే రాస్తారో మాకు తెలుసు.

ఆ రోజు సారు భార్య అనసూయమ్మ గారు సూర్యాపేట దవాఖానలో ఉన్నారు. ఆయన రాలేకపోయారు. ఫోనులోనే అడిగారు, ‘ఆమెకు ఫోన్ చేసినవా?’ అని. ‘చేసిన సార్, ఎత్తలే’ అన్నాను. అంతే. వార్త వెళ్లిపోయింది.

రూతమ్మ ఆ గుడ్లు అమ్మలేదు. సరఫరా చేసేవాడు పంపిన కుళ్లు గుడ్లను పిల్లలకు పెట్టనని రెండోసారి తిప్పి పంపుతోంది. రిజిస్టరులో రాసి, సంతకం కూడా తీసుకుంది. ఆ చుట్టుపక్కల జవాబుదారీతనం అంటూ ఉన్న ఒక్క మనిషినీ పట్టుకుని దొంగను చేశాను. మర్నాడే ఆమెను విధుల నుంచి తప్పించారు. విచారణ తేలి, ఆమె మళ్లీ కేంద్రం తలుపు తీయడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ ఆదివారం చర్చికి కూడా వెళ్లలేదట, మొహం చూపలేక.

లోపలి పేజీలో రెండు వాక్యాల సవరణ వచ్చింది. సారుకు అది చాలలేదు. తప్పుడు వార్త ఎక్కడెక్కడ చదివారో అక్కడే సవరణ కూడా వినాలన్నారు. నా బండి మీదే ఆ ఊరికి తీసుకెళ్లాను. బస్టాపు దగ్గరి హోటలు ముందు నిలబడి ఆ రెండు వాక్యాలూ బిగ్గరగా చదివారు. తర్వాత కేంద్రం ముందు నిలబడి మళ్లీ చదివారు. జనం ముక్కున వేలేసుకున్నారు. ఒక పెద్దాయన, ‘రాసేటప్పుడు కండ్లు నెత్తికెక్కినయా?’ అని నిలదీశాడు. సారు తల వంచి, ‘తప్పు నాదే. నేనొచ్చి సదివి వినిపియ్యకుండ పంపిన’ అన్నారు. పది అడుగుల దూరంలో నేను బండి పట్టుకుని నిలబడ్డాను. ‘ఆయనది కాదు, నాది’ అన్న రెండు ముక్కలు గొంతు దాకా వచ్చాయి. నోరు పెగల్లేదు.

యాజమాన్యం ముందూ ఆయన అదే చెప్పారు. సూర్యాపేట బాధ్యత నుంచి తప్పించి, మిర్యాలగూడకు పంపి, మార్కెట్ ధరలు రాయమన్నారు. ఆయన కుర్చీ నాకిచ్చారు. తీసుకున్నాను. ఇది రాస్తుంటే ఇప్పుడు కూడా చెవులు కాలుతున్నాయి.

మిర్యాలగూడలో ఆయన ధాన్యం ధరలను శాసనసభ చర్చంత శ్రద్ధగా రాశారు. బోర్డు మీది ధర కాదు, రైతు చేతికి వచ్చిన ధర రాయాలని యార్డులో రాశుల మధ్య తిరుగుతూ ఒక్కొక్కరినీ అడిగేవారు. నేను మూడుసార్లు నిజం చెప్పాలనే బయలుదేరి వెళ్లాను. మిల్లుల ఆవిరి వీధుల మీద తెల్లగా దిగి ఉండేది. ఉడికిన ధాన్యం వాసనలో ఆ ఊరు సగం నిద్రలో ఉన్నట్టు తోచేది. ఆ తెల్లదనంలోంచి సారు మెల్లగా నడిచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసేవారు. పిల్లల చదువులు అడిగేవారు, పేజీలో తప్పులు చెప్పేవారు. సెలవు తీసుకునేటప్పుడు ప్రతిసారీ, ‘ఇంకేమన్న చెప్పేదున్నదా?’ అని అడిగేవారు. అది ఆయన మాట తీరు అనుకున్నాను. ఏం లేదు సార్ అని బస్సెక్కేవాణ్ని. ఇప్పుడు కళ్లు మూస్తే ఆ ఆవిరే కనబడుతోంది, ఆ ప్రశ్నే వినబడుతోంది.

అంత్యక్రియల తర్వాత అనసూయమ్మ గారు నా చెయ్యి పట్టుకుని, ‘నువ్వే రాయాలె కొడుకా, సారుకు నువ్వంటే పానం’ అన్నారు. అక్కడ ఏడవని వాణ్ని, ఇంటికొచ్చి ఏడ్చాను.

రాశాను. రాశాక, ఆయన దగ్గర ఏం నేర్చుకున్నానని నన్ను నేనే అడుక్కుని, నిన్న ఈ కాగితాలు పట్టుకుని రూతమ్మ దగ్గరికి వెళ్లాను. పిల్లలు తిని వెళ్లిపోయారు, ఆమె గిన్నెలు సర్దుతోంది. సారు పోయిన సంగతి అప్పటికే తెలుసు. కూర్చోమని చాప వేసింది. ఇక్కడి దాకా అంతా చదివాను. ఆమె ఆసాంతం కదలకుండా విన్నది.

‘నువ్వు ఫోను చెయ్యలేదని సారుకు ఆనాడే తెలుసు బాబూ’ అంది. ‘వార్త పడ్డంక మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడే నా ఫోను అడిగి తీసుకుని, ఆ రోజు వచ్చిన ఫోన్లన్నీ చూసిండు.’

మరి నా పేరు ఎందుకు చెప్పలేదని అడిగాను.

‘నేనూ గదే అడిగిన. వాడే వచ్చి చెప్తడమ్మా, నువ్వు జర ఓర్సుకో అన్నడు. ఏటా క్రిస్మసుకు ఫోను చేసేటోడు. పండగ మాటలన్నీ అయినంక, వచ్చిండా అని అడిగేటోడు. రాలేదు సారూ అనేదాన్ని. పోయిన క్రిస్మసుకు కూడా అడిగిండు.’

ఆమె మంచినీళ్లు తెచ్చి నా ముందు పెట్టి, మళ్లీ గిన్నెల దగ్గరికి వెళ్లిపోయింది.

ఈ మూడు పట్టణాల మధ్య అధికారాన్ని మర్యాదగా ప్రశ్నించి, జవాబు వచ్చేదాకా కూర్చోగలిగిన మనిషి వెళ్లిపోయారు. ఆ కుర్చీలో నేను కూర్చున్నాను గానీ, ఆ స్థానం నాతో నిండలేదు. మరెవరితోనూ నిండదు. ఆయన పాదాలకు మొక్కి, ఆయన అడిగినన్నాళ్లూ చెప్పని మాటను ఇక్కడ అందరూ వినేటట్టు చెబుతున్నాను.

సార్, ఆ రోజు నేను ఫోను చెయ్యలేదు.