అవ్వ ఫ్యాన్‌కు నేను కొలిచిన వాట్లు

కరెంటు పొదుపు చేయబోయి కన్నతండ్రిని ఏడిపించిన మొనగాణ్ణి మీరెక్కడైనా చూశారా? చూడకపోతే బోధన్ రండి, నన్ను చూద్దురుగాని. నవ్వుకోండి, పర్వాలేదు. నేనూ నవ్వుతూనే మొదలుపెడుతున్నాను, చివరిదాకా నవ్వగలనో లేదో మాత్రం చెప్పలేను.

అప్పట్లో ఎడపల్లి బడిలో సైన్సు చెప్పేవాణ్ణి. పిల్లలకు కరెంటు పొదుపు పాఠం చెప్పీ చెప్పీ ఆ పిచ్చి నాకే అంటుకుంది. ప్లగ్గుకు తగిలిస్తే ఏ వస్తువు ఎంత కరెంటు తాగుతుందో చూపించే చిన్న మీటరొకటి కొన్నాను. ఇక చూడండి నా వైభవం! మిక్సీ, ఇస్త్రీపెట్టె, టీవీ, ఒక్కోదానికి జ్వరం చూసినట్టు చూసి నోటుబుక్కులో ఎక్కించేవాణ్ణి. మా ఆవిడ రూతు ఫ్రిజ్ తలుపు రెండోసారి తీసిందంటే చాలు, దొంగ దొరికినట్టు అరిచేవాణ్ణి.

"ఇగ నన్ను గూడ ప్లగ్గుల వెట్టి సూడరాదు, ఎన్ని వాట్లు తింటున్ననో!" అంది.

"నీకు పెడితే మీటరు కాలిపోతది" అన్నాను. ఆ పూట నాకు చాయ్ రాలేదు.

చివరికి నా కన్ను అవ్వ టేబుల్ ఫ్యాన్ మీద పడింది. మా అమ్మను మేం అవ్వ అంటాం, నాన్నను బాపు అంటాం. ఆమె పోయి రెండేళ్లయింది. పాతకాలపు ఇనుప ఫ్యాన్ అది, రెక్క జాలీకి తగిలి టక టకమంటూ తిరిగేది. కొత్తవి రెండు తిరిగే కరెంటు ఇదొక్కటే మింగేది. పైగా బాపు దాన్ని చలికాలంలో కూడా, సాయంత్రం కుటుంబ ప్రార్థనకు కూర్చోగానే వేసేవాడు. అదీ గోడవైపు తిప్పి!

"ఇంత సలిల ఫ్యాన్ ఎందుకు బాపూ?"

"గాలికి గాదురా. ఉండనియ్యి."

గాలికి కాకపోతే మరి దేనికి అని బుర్ర ఉన్నవాడెవడైనా అడుగుతాడు. నేను అడగలేదు. 'గోడకు గాలి, దండుగ' అని ఎర్రసిరాతో రాసుకున్నాను.

బాపు వర్ని ఊళ్లో పెళ్లికి వెళ్లిన రోజు వీధిలోకి పాత సామాన్ల బండి వచ్చింది. ఫ్యాన్ ఎత్తి ఇచ్చేశాను. చప్పుడే లేని కొత్త ఫ్యాన్ తెచ్చి అదే చోట పెట్టాను. మర్నాడు బాపు తిరిగొచ్చి ప్రార్థనకు కూర్చున్నాక, పెళ్లికొడుకులా వెళ్లి స్విచ్చు వేశాను.

"సూడు బాపూ, సగం కరెంటు గూడ తినది. సప్పుడే లేదు!"

బాపు కీర్తన ఎత్తుకున్నాడు. రెండు చరణాలు కూడా కాకుండానే ఆగాడు. మళ్లీ ఎత్తుకున్నాడు, మళ్లీ ఆగాడు.

"పాతది ఏడున్నదిరా?"

"ఇచ్చేసిన బాపూ."

బాపు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నాకు తాళం రాదురా. మీ అవ్వ గా టకటక మీదనే పాట ఎత్తుకునేది, నేను ఎనక పాడేటోణ్ణి. ఆమె పోయినంక గూడ గా సప్పుడు ఇంటే పక్కన కూసున్నట్టే ఉంటుండె."

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తెల్లారగానే బడికి సెలవు పెట్టి బోధన్‌లో పాత సామాన్ల దుకాణాలన్నీ తిరిగాను. ఫ్యాన్ నిజామాబాద్‌కు పోయిందన్నారు. అక్కడికీ పోయాను.

"మోటర్ల రాగి తీసేసినం భయ్యా" అన్నాడు దుకాణదారు. "ఇగ జాలీ ఉన్నది, కావాల్నా?"

కావాలన్నాను. దాన్ని ఒళ్లో పెట్టుకుని బస్సులో వస్తుంటే కండక్టర్ "గిదేంది సార్, పిట్టల పంజరమా?" అన్నాడు. బస్సంతా నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చి చెంచాతో ఆ జాలీ మీద తాళం వేశాను. రూతు నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పరుగెత్తింది. ఫోనులో ఫ్యాను చప్పుడు వెతికి పెట్టాను. బాపు చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు విన్నాడు.

"ఇది ఎవరి ఫ్యానో రా" అని ఫోను నా చేతికిచ్చాడు.

ఆ నెల వాడకం నిజంగానే తగ్గింది. ఆశ్చర్యపోయి రూతుకు చూపించాను.

"తగ్గదా మరి? పాటలు లేవు, పదినిమిషాలల్ల ప్రార్థన ఒడుస్తున్నది. బాపు లైటు బంద్ జేసి పండుకుంటున్నడు" అంది.

కాబట్టి మీ అందరి ముందు, బైబిల్ మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను: ఇకపై బాపును అడగకుండా ఈ ఇంట్లో ఒక్క స్విచ్చు ముట్టను, చీకట్లో గోడకు గుద్దుకుని మూతి పగిలినా సరే. ఈ మాటే బాపుకూ చెప్పాను.

బాపు నా తల మీద చెయ్యి వేశాడు. "గప్పుడే ఒక్కమాట అడిగితే చెప్తుంటి గదరా" అన్నాడు.