పాత్రల పేజీల ఆఖరి మనిషి

నాటకం పుస్తకం తెరిస్తె మొదటి పేజీల పాత్రలుంటయి. జమీందారు, ఆయన కొడుకు, డాక్టరు, ప్లీడరు. అందరి కింద, ఆఖరికి, నౌకరు. లేకుంటె వాచ్‌మన్. పైనున్నోళ్లకు పేర్లుంటయి, వయసు రాస్తరు, కండ్లద్దాలున్నయా లేవా అది సుత రాస్తరు. ఆఖరాయనకు పేరుండది. గీ సంగతి నాకు ఇంటర్ రెండో సంవత్సరంల తెల్సింది. అంతకు ముందు నేను నాటకం పుస్తకం ముట్టింది లేదు. నిజం జెప్తున్న, క్లాసు పుస్తకాలే సరిగ్గ ముట్టలె.

మాది సూరారం. నాయిన మొదట్ల ఫ్యాక్టరీల పనిజేసేటోడు. అది బందైనంక బౌరంపేట్ దిక్కు కొత్తగ కట్టిన విల్లాల కాడ వాచ్‌మన్‌గ కుదిరిండు. రాత్రి డ్యూటీ. పొద్దుగాల నేను మేడ్చల్ బస్సు కోసం రోడ్డు మీదికొచ్చేసరికి ఆయన సైకిల్ మీద ఇంటికొస్తుండె. రోడ్డు మీదనే ఒకల్లను ఒకల్లం సూసుకుంటుంటిమి. బాక్సు వెట్టుకున్నవా అని ఆయన అడుగుడు, పెట్టుకున్న అని నేను జెప్పుడు. దినాం గదే మాట.

టీవీల కామెడీ వస్తె మా ఇంట్ల అందరం నవ్వుతుంటిమి, నాయిన సుత నవ్వుతుండె. కని అండ్ల వాచ్‌మన్ రాంగనే ఆయన లేసి నీళ్లు తాగనీకె పోతుండె. వాచ్‌మన్ కుర్చీల గుర్కపెడ్తడు, దొంగ వాని కట్టెనే ఎత్కపోతడు, ఓనరొచ్చి నెత్తి మీద ఒక్కటిస్తడు. అంతా అయినంక నాయిన గిలాస కడిగి బోర్లిచ్చి మల్ల వచ్చి కూసుంటుండె. మా అమ్మ గది సూసిందో లేదో తెల్వదు. నేను సూసిన.

ఆ ఏడాది ఉద్యమం బందులతోని కాలేజి సగం నడిచింది, సగం నడ్వలె. యాన్యువల్ డే ఉండదనుకున్నం. ఆఖర్ల ఉన్నదన్నరు. మా తెలుగు మేడం ఒక నాటిక పట్టుకొచ్చింది. అట్ట మీద ‘స్త్రీ పాత్రలు లేని హాస్య నాటిక’ అని రాసి ఉన్నది. ఆడోళ్లు లేని నాటకం, మొగోళ్లు లేని కాలేజి, మంచి జోడు కుదిరిందని అందరం ఒక్కతీరు నవ్వినం. ఇగ మీసాలు వెట్టుకునుడే. మేడం పాత్రలు పంచింది. డాక్టరు ఒకామెకు, ఇంటాయన ఒకామెకు. నా దిక్కు తిరిగి, “వాచ్‌మన్ నువ్వు చెయ్యమ్మా, నీ మాట అచ్చం సరిపోతుంది” అన్నది.

మేడంది కోస్తా దిక్కు. మంచామె, మనసుల ఏం పెట్టుకోని అన్న మాట గాదు. పుస్తకంల అందరు మేడం తీరుగ మాట్లాడుతున్నరు, వాచ్‌మన్ ఒక్కడే మా తీరుగ మాట్లాడుతున్నడు. మాట్లాడంగనే నవ్వాలె, అట్ల రాసిండ్రు. ఆయన సుత కుర్చీల పండుకుంటడు, ఆయన కట్టె సుత పోతది.

నేను గా మాపటికే ఇంట్ల జెప్పిన, నాటకంల ఉన్న అని. ఏం పాత్రనో జెప్పలె. నాయిన సెలవు దొరకకున్నా డ్యూటీ దిగి అట్లనే వస్తనన్నడు. నా ఏ ఫంక్షన్‌కు ఆయన రాలె అంతదాంక, పొద్దుగాల పండుకునే మనిషి. గాయినొచ్చి ముందట కూసుంటె నేను మీసం వెట్టుకోని గుర్కపెట్టాలె.

తెల్లారి మేడం దగ్గరికి పోయి, ఇంకో నాటిక తెస్తె మారుస్తరా అని అడిగిన. ఎందుకని అడిగింది. ఊకె, ఇంకా మంచిది ఉంటదేమో అన్న. సోమవారం లోపల తెస్తే చూస్తానన్నది. అరగంటల అయిపోవాలె, ఆరుగురికి మించొద్దు, సెట్టింగులు ఉండొద్దు.

ముందుగాల కాలేజి లైబ్రరీ. లైబ్రరీ అంటె స్టాఫ్ రూముల ఒక బీరువా. అండ్ల గైడ్లు, పాత క్వశ్చన్ పేపర్లు. గంతే. మధ్యాహ్నం నా దోస్తుతోని మేడ్చల్ల లైబ్రరీకి పోయిన. దోస్తుది శామీర్‌పేట్. ఇంట్ల వాళ్లు ఉర్దూ మాట్లాడుతరు, బయట మా అందరికన్న మంచిగ తెలుగు మాట్లాడుతది. లైబ్రరీల ముందట పెద్దమనుషులు పేపర్లు సదువుతుండ్రు, ఎనుక పోరగాండ్లు పోలీసు ఉద్యోగాల పుస్తకాలు ముందటేసుకోని లెక్కలు జేస్తుండ్రు. నాటకాలు కావాలంటె లైబ్రరీ సారు మమ్ముల కిందికి మీదికి సూసి, వాటిని అడిగి మస్తు రోజులైందమ్మా అనుకుంట ఆఖరి ర్యాకు అడుగునుంచి తాడుతోని కట్టిన కట్ట గుంజిండు. దుమ్ముకు నాకు తుమ్ములు. సప్పుడు జెయ్యద్దని పెద్దమనుషులు ఉరిమి సూసుడు.

నేల మీద కూసొని ఒక్కొక్కటి తీసి పాత్రల పేజీ సూసినం. కథ సదువనీకె టైం లేదు, ఆఖరి లైను సూస్తె సమజైతుండె. నౌకరు. బంట్రోతు. వాచ్‌మన్. ఇంకో దాంట్ల ఇద్దరు నౌకర్లు, ఒకటో నౌకరు, రెండో నౌకరు. లోపల పేజీలు తిప్పితె మా మాట కనవడ్తుండె, గది వాళ్ల నోట్లనే. నేను పక్కకు వెడ్తున్న కొద్ది దోస్తుకు ఇసుగొచ్చింది.

“నాటకం దేవులాడుతున్నవా, పెండ్లి సంబంధమా? ఒక్కడు సుత నచ్చుతలేడు నీకు” అన్నది.

గప్పుడు దానికి జెప్పిన, నాయిన వస్తుండని. వాచ్‌మన్ పాత్ర సంగతి జెప్పిన. అది కట్ట మల్ల ముడేసి, “చల్, మా ఊర్ల సుత ఉన్నది లైబ్రరీ” అన్నది.

శామీర్‌పేట్ లైబ్రరీ సాయంత్రం పూట తెరిచిండ్రు. ఒకటే రూము. లైబ్రరీ అమ్మ మా దోస్తును గుర్తుపట్టి లోపటికి పోనిచ్చింది. నాటకాల ర్యాకే లేదు అక్కడ. పిల్లల పుస్తకాలు, పాత మ్యాగజిన్లు కలిపి కుట్టిన బొత్తులు. గా బొత్తుల నడుమ దొరికింది సన్న పుస్తకం. అట్ట లేదు. రాసినాయన పేరు లేదు, నాటిక పేరు సుత అట్టతోనే పోయింది. పాత్రల పేజీ మాత్రం ఉన్నది. అండ్ల మొదటి లైనుల ఉన్నడు వాచ్‌మన్. పేరుతోని ఉన్నడు, యాభై ఏండ్లు అని రాసి ఉన్నది.

కథ సిన్నదే. ఒక ఫ్యాక్టరీ మూతవడ్తది. మిషన్లన్నీ తీస్కపోతరు. గేటు కాడి మనిషికి ఎవ్వరు ఏం జెప్పరు. ఆయన రోజూ వస్తడు, తాళం తీస్తడు, ఏస్తడు. ఒకనాడు గేటు సుత అమ్మినమని లారీ వస్తది. ఇగ పో అంటరు. పోత గని తాళాలు ఎవలకియ్యాలె అని అడుగుతడు. సూపర్‌వైజర్ నాకొద్దంటడు, లారీ ఆయన నాకొద్దంటడు, ఎవ్వరు సెయ్యి సాపరు. గంతే నాటకం. నేను గక్కడ నిలవడి సదివి, నాయిన ఫ్యాక్టరీ బందైన దినం ఇంటికి ఎట్లొచ్చిండో యాదికి తెచ్చుకున్న.

ఇంటికి తీస్కపోత అంటె లైబ్రరీ అమ్మ పుస్తకం అటు ఇటు తిప్పింది. దీనికి నంబరు లేదు బిడ్డా, నంబరు లేని పుస్తకం ఇచ్చుడు కుదరదు అన్నది. ఈడనే కూసోని రాసుకోండ్రి అన్నది. దోస్తు సదువుతుంటె నేను రాసిన, నా సెయ్యి గుంజితె అది రాసింది. రాసేటప్పుడే నేను వాచ్‌మన్ మాటలు మార్చిన. పుస్తకంల ఆయన సుత మేడం తీరుగనే మాట్లాడుతున్నడు. మా నాయిన ఎట్ల మాట్లాడుతడో అట్ల రాసిన. రాసుడు అయిపోకపోతె ఆదివారం సుత ఆమె మా కోసం తలుపు తీసింది.

సోమవారం మేడం స్టాఫ్ రూముల సదివింది. ఇందులో నవ్వు లేదు కదమ్మా, పేరెంట్స్ నవ్వాలని కదా పెట్టేది అన్నది. నేను నోరు మూసుకోని నిలవడ్డ, అదే నాకు మస్తు కష్టం. సెట్టింగు ఏం కావాలని అడిగింది. ఒక కుర్చీ, తాళాల గుత్తి అన్న. మీసాలు ఒక్కటే కావాలె, నాకు. ఆమె కాయితాలు ఇంకోపారి తిప్పి సరే అన్నది.

గా మాపటికి నాయిన డ్యూటీకి తయారైతుంటె పాత యూనిఫాం అంగీ అడిగిన. ఎందుకన్నడు. నాటకంల వాచ్‌మన్‌ను నేనే అన్న. ఆయన బొత్తాలు పెట్టుకునుడు ఆపిండు.

“పండుకుంటడా?” అని అడిగిండు.

“లేదు నాయినా. పండుకోడు.”

పెట్టెలకెల్లి పాత అంగీ తీసి తానే ఇస్త్రీ జేసిండు. తాళాలు కావాలంటె, నా గుత్తి ఇస్త, నేనొస్త గదా, అయినంక తీస్కుంట అన్నడు. గది పంపు రూము, క్లబ్ హౌజు తాళాల గుత్తి, ఆయన నడుముకు ఉండేది.

యాన్యువల్ డే కాలేజి గ్రౌండ్ల షామియానా ఏసి పెట్టిండ్రు. నాయిన సైకిల్ విల్లాల కాడనే ఇడిసి, డ్యూటీ నుంచి సీదా బస్సుల వచ్చిండు. బదులొచ్చేటాయన లేటు జేసిండట, బట్టలు మార్సుకోనీకె ఇంటికి పోలె. యూనిఫాం మీదనే ఉన్నడు. గుత్తి నా సేతిల వెట్టి, పోయి కూసోక, షామియానా గుంజ కాడ నిలవడ్డడు. కూసో నాయినా అంటె, ఈడికెల్లి మంచిగ కనవడ్తది అన్నడు.

మాది డాన్సుల నడుమ పెట్టిండ్రు. నేను కుర్చీల కూసోంగనే మొదట్ల కొందరు నవ్విండ్రు, మీసం సూసి. మాట్లాడేసరికి ఇంకా నవ్విండ్రు. తర్వాత ఆగింది నవ్వు. నేను గుంజ దిక్కు సూసిన. నాయిన నన్నే సూస్తుండు. లారీ వచ్చిందని లోపలికెల్లి మా దోస్తు అరిసే టైముకు, ఎవరో ఒక సారు నాయిన బుజం మీద సెయ్యేసిండు. ఏమన్నడో నాకు ఇనవడలె. పైన క్లాసు రూముల దిక్కు సూపిచ్చిండు. నాయిన ఒకపారి స్టేజి దిక్కు సూసి, ఆయన ఎనుక పోయిండు. కొంచెం సేపటికి రెండు సేతుల కుర్చీలు పట్టుకోని మెట్లు దిగుతుంటె కనవడ్డడు. ముందట వరుసల ఏసి మల్ల పోయిండు. గంతల కరెంటు పోతె మెట్ల ఎనుక జనరేటర్ ఏసిండ్రు.

తాళాలు ఎవలకియ్యాలె అని నేను అడిగేటప్పుడు గుంజ కాడ ఎవ్వరు లేరు. నేను గుంజనే అడిగిన. జనం సప్పట్లు కొట్టిండ్రు. మేడం నా మీసం రంగు చెంపకు అంటిందని కొంగుతోని తుడిసింది, కండ్లల్ల నీళ్లు వెట్టుకున్నది. నాకేం ఎక్కలె.

బస్ స్టాప్ల నేనూ నాయిన. ఎండ. నాకు కోపం ఆగుతలేదు.

“నువ్వెందుకు పోయినవ్? నువ్వేమన్న ఆడి వాచ్‌మన్‌వా?”

“కుర్చీలు తక్కువైనయ్ బిడ్డా. ముసలోళ్లు నిలవడ్డరు. అడిగిండ్రు, తెచ్చిన.”

“నిన్నే ఎందుకు అడిగిండ్రు?”

నాయిన తన అంగీ దిక్కు సూసుకున్నడు. నేను ఎందుకన్ననా అనిపిచ్చింది. మల్ల ఆయనే మాట్లాడిండు. మైకుల అంతా ఇనవడ్డదట, మెట్ల మీద సుత. లారీ వచ్చిందాంక మంచిగ ఇనవడ్డదట. ఆ తర్వాత కరెంటు పోయి జనరేటర్ ఏసిండ్రు గదా, ఆ సప్పుడుకు ఇంకేం తెల్వలేదట.

“ఆఖరికి ఎవలు తీస్కున్నరు తాళాలు?” అని అడిగిండు.

ఎవ్వరు తీస్కోలె అని జెప్పొచ్చు, ఒక్క మాట. జెప్పబుద్ధి గాలె. నేను లేసి ఆయన ముందట నిలవడ్డ. నా మీద ఆయన అంగీ ఉన్నది ఇంకా. బస్ స్టాప్ల ఉన్న ముసలామె, కూరగాయల సంచి పట్టుకున్నాయన నా దిక్కే సూస్తుండ్రు. సిగ్గయింది గని ఆపలె. లారీ ఆయన మాటలు నేనే అన్న, సూపర్‌వైజర్ మాటలు నేనే అన్న. ఆఖరికి గుత్తి బయటికి తీసి సెయ్యి సాపిన.

“పోత సారూ. పొమ్మంటె పోత. తాళాలెవలకియ్యాలె?”

నాటకంల ఇక్కడ అందరు మొఖం తిప్పుకోవాలె. నాయిన సెయ్యి సాపి గుత్తి తీస్కున్నడు. ఒక్కొక్క తాళం ఏలుతోని జరిపి సూసుకున్నడు, అన్నీ ఉన్నయా అని. నడుముకు తగిలిచ్చుకున్నడు.

“మాపటికి డ్యూటీ ఉన్నది గదా” అన్నడు.

బస్సొస్తె ఎక్కినం. ఒకటే సీటు దొరికింది. నన్ను కూసోమన్నడు, నేను ఆయన్ను కూసోమన్న. సూరారం దాంక ఆయన పండుకునే వచ్చిండు.