కాశీలో వదిలిన పెరుగు

పోయిన వారం ఏడాది చెకప్‌కి వెళ్తే నర్సు నా చేతికి ఒక కాగితం ఇచ్చింది. గడిచిన రెండు వారాల్లో దేనిమీదా ఆసక్తి లేకుండా ఎన్ని రోజులున్నారు, నీరసంగా ఎన్ని రోజులున్నారు, మీమీద మీకే విసుగు ఎన్ని రోజులు కలిగింది అంటూ వరసగా ప్రశ్నలు. ఏడో తరగతితో బడి మానేసినదాన్ని నేను. ఇంగ్లీషు కూడబలుక్కోవడం అమెరికాలోని ఈ బెంటన్‌విల్ వచ్చాక కొట్లో డబ్బాలమీది అక్షరాలు చూసి చూసి నేర్చుకున్నదే. అయినా ఆ కాగితం చదవడానికి నాకు ఎవరి సాయమూ అక్కర్లేకపోయింది. మా తోడికోడలి ఒడిలో దాన్ని నాలుగేళ్ళు చూశాను. ఆమె పెన్ను పట్టుకుని అలా కూర్చునేది, పక్కనుంచి మా మరిది గళ్ళు నింపేవాడు.

ఆమె ఎమ్మెస్సీ చదివింది. పెళ్ళికి ముందు రెండేళ్ళు కాలేజీలో పాఠాలు చెప్పింది. మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య రెండు వీధులు. వచ్చిన కొత్తలో రోజూ పొద్దున్నే నడిచొచ్చి, నా పోపు మాడుతుంటే వెనకనుంచి స్టవ్ కట్టేసి, "అక్కా, ధ్యాసెక్కడుంది?" అని నవ్వేది. వెనక సీట్లో తన పాపని కూర్చోబెట్టుకుని కారు నడిపిందంటే పక్కన నేను మహారాణిలా కూర్చునేదాన్ని. ఈ ఊళ్ళో కారు లేనిదే కొత్తిమీర కట్ట కూడా రాదు. నాకు డ్రైవింగ్ రాదు, మా ఆయనకి ఆఫీసు తప్ప వేరే దారి తెలియదు. అందుకని నా కాళ్ళూ ఆమే, నా కబుర్లూ ఆమే.

ఇక్కడ కాశీ సంగతి చెప్పాలి. మామగారి సంవత్సరీకాలకి అందరం దేశం వెళ్ళినప్పుడు కాశీ, గయ చూసొచ్చాం. పాపకప్పుడు రెండేళ్ళు. కాశీ వెళ్తే ఇష్టమైనదేదైనా వదిలి రావాలి కదా. ఒక కాయ, ఒక పండు. మా వాళ్ళ భక్తి ఎంతటిదంటే, మా అత్తగారు దురద పుడుతుందని ఎన్నడూ తినని చేమదుంప వదిలారు. మా ఆయన ఆర్కన్సాలో కంటికి కనపడని సీతాఫలం వదిలాడు. నేను పొట్లకాయ వదిలాను. దాని వాసనే నాకు పడదు. మా తోడికోడలి వంతు వచ్చింది. "నాకు నిజంగా ఇష్టమైనవి పాలూ పెరుగే కదక్కా, వేరేది చెప్తే అబద్ధమవుతుంది" అని గంగలో నిలబడి ఆ రెండూ వదిలేసింది. పూజ చేయించే పంతులుగారే "కాయా పండూ చాలమ్మా" అన్నారు. మా అత్తగారు మాత్రం "చూశావా, నేర్చుకో" అన్నట్టు నావైపు చూశారు. ఆమెది పుట్టినప్పట్నించీ శాకాహారం, గుడ్డు కూడా ముట్టదు. ఆ రోజునించీ ఆమె భోజనం చారన్నంతో ముగిసేది. ఆ మొక్కుకి కాపలా కాసింది నేనే. ఎవరింట్లోనైనా పచ్చడిలో పెరుగు కలిపారేమోనని ముందు నేను వేలితో రుచి చూసి, ఆ తరవాతే ఆమెకి వడ్డించనిచ్చేదాన్ని. అదొక గొప్ప నాకు.

పాపకి ఐదో ఏడు వచ్చేసరికి ఆమె నడిచి రావడం తగ్గింది. నోరు మండుతోందని నా గోంగూర పక్కన పెట్టింది. నా చేతివంటకి వంక పెడుతోందని నేను మూడు రోజులు ముభావంగా ఉన్నాను. చెప్పిందే మళ్ళీ చెప్పేది, చెప్పాల్సింది మరిచిపోయేది. పాపని స్కూలు బస్సు దగ్గర వదిలి, మళ్ళీ ఇంట్లో వెతికింది ఒకసారి. కారణం లేకుండా ఏడుపు. "మనసు గట్టి చేసుకో అమ్మా, నీకేం తక్కువ?" అన్నాను. "తక్కువై ఏడవట్లేదక్కా, అదే వస్తోంది" అంది. ఆ మాటకి ఎవరైనా ఆగాలి. నేను ఆగలేదు.

ఒక శనివారం తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌లో నలుగురు ఆడవాళ్ళు చేరి తేల్చేశారు. "ఇది హెచ్‌ఫోర్ డిప్రెషనండీ. మొగుడి వీసామీద వచ్చి ఇంట్లో కూర్చుంటే మాకందరికీ వచ్చింది." ఒకావిడ పులిహోర వడ్డించుకుంటూ, "ఈఏడీ రాగానే జాబ్‌లో జాయిన్ అయిపోతుంది, డిప్రెషన్ జంప్ అయిపోతుంది, చూడండి" అంది. ఈఏడీ అంటే భర్త వీసామీద వచ్చినవాళ్ళు ఉద్యోగం చేసుకోడానికిచ్చే కార్డు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఇంత చదువుకున్న పిల్ల ఇంట్లో కూర్చుంటే దిగులు పడదా అని నేనూ నమ్మాను. నమ్మడానికి అంత సుళువైన మాట మరొకటి లేదు మా ఊళ్ళో.

డాక్టరు కూడా అదే అడిగాడు. ఉద్యోగం ఉందా, స్నేహితులున్నారా, కన్నవాళ్ళు ఎక్కడున్నారు. రక్తం తీసి థైరాయిడ్ చూసి బాగానే ఉందన్నాడు. తిండి దగ్గరికొచ్చేసరికి మా మరిది "ఇండియన్ వెజిటేరియన్" అన్నాడు, డాక్టరు తలూపి రాసుకున్నాడు. పక్క కుర్చీలో నేనున్నాను. పాలూ పెరుగూ మానేసిందని చెబుదామా అని నోటిదాకా వచ్చింది. ఏడుపుకీ పెరుగుకీ ఏం సంబంధం, నవ్వుతారేమో, పైగా నా ఇంగ్లీషొకటి అనుకుని చేతిసంచీ సర్దుకున్నాను. ఆ సర్దుకోవడం ఇప్పటికీ నా చేతులకి గుర్తుంది.

మాత్రలిచ్చారు. రెండుసార్లు మోతాదు పెంచారు. డిప్రెషన్ అబద్ధమని నేననను. మా పక్క వీధి కుర్రాడు ఆ మాత్రలవల్లే మళ్ళీ మనిషయ్యాడు, వాళ్ళమ్మ నాతో చెప్పుకుని ఏడ్చింది. కానీ మా ఇంట్లో ఆ పేరు ఒకసారి పడ్డాక ఆమె ఏం చెప్పినా అందులోకే వెళ్ళిపోయేది. "అరికాళ్ళలో చీమలు పాకుతున్నాయి" అంటే డిప్రెషన్. "అక్కా, బ్రేక్ మీద కాలుందో లేదో తెలియట్లేదు" అని తాళంచెవులు బల్లమీద పెట్టేస్తే, మా మరిది నన్ను వంటగదిలోకి పిలిచి, "తనకి డ్రైవ్ చేయాలని ఇంట్రెస్ట్ పోయింది వదినా. మోటివేషన్ ఉండదని డాక్టర్ చెప్పారుగా" అన్నాడు. అతను చెడ్డవాడు కాదు. ఆఫీసులో ఉద్యోగం, ఇంట్లో వంట, పాప జడ, అన్నీ చేసుకున్నాడు. భార్య మాట నమ్మడమొక్కటీ చేయలేదు. నేనూ అంతే.

పాపకి తొమ్మిదో ఏడు నడుస్తుండగా ఆమె గరాజ్ మెట్టు దగ్గర పడి మడమ బెణికించుకుంది. కాలికి వ్యాయామం చేయించేచోటికి పంపారు. అక్కడొక పెద్దావిడ, నాకంటే రెండింతల మనిషి, కట్టు విప్పి చూసి, పాదాలు దగ్గరగా పెట్టి నిలబడమంది. నిలబడింది. కళ్ళు మూసుకోమంది. మూసుకోగానే మా తోడికోడలు కొట్టేసిన అరటిచెట్టులా పక్కకి ఒరిగిపోయింది. ఆవిడ సిద్ధంగా ఉన్నట్టు పట్టుకుని కూర్చోబెట్టి, "పొద్దున లేచినప్పట్నించీ ఏం తింటావో ఒక్కొక్కటీ చెప్పు" అంది. నాలుగేళ్ళలో ఆ మాట అడిగింది ఆవిడొక్కతే. ఆమె గుర్తు రాక తడుముకుంటుంటే నేను తెలుగులో చెప్పాను, మాతో వచ్చిన పాప ఇంగ్లీషులో చెప్పింది. పెరుగు దగ్గరికొచ్చి పాప నన్ను చూసి, "పెద్దమ్మా, కాశీ థింగ్ చెప్పాలా?" అంది. చెప్పమన్నాను. "షీ గేవ్ ఇట్ టు గాడ్" అంది పాప. ఆవిడ నవ్వలేదు. అక్కడికక్కడే డాక్టరుకి ఫోన్ చేసింది.

రక్తంలో బీ ట్వెల్వ్ దాదాపు లేదన్నారు. మాంసం, గుడ్డు, పాలు, ఏదో ఒకటి తినేవాళ్ళకి అందే విటమిన్ అది. అది లేక నరాలు ఎండిపోయాయట, మెదడు మసకబారిందట. మొదట రోజు మార్చి రోజు, తర్వాత వారానికొకటి, ఆపైన నెలకొకటి సూది. రెండో నెలలో ఒక పొద్దున్న మా పెరట్లో నిలబడి, "అక్కా, ఈ కరివేపాకు మొక్క ఎప్పుడింత పెరిగింది?" అంది. నేను పొయ్యి దగ్గరికి పోయి పైటతో నోరు మూసుకుని ఏడ్చాను. అత్తగారికి ఫోన్లో చెప్తే, "కాశీలో వదిలింది మళ్ళీ ముట్టుకుంటుందా ఏమిటి?" అన్నారు. ఆమె ఫోన్ నా చేతిలోంచి తీసుకుంది. "సూదిలో పెరుగుండదత్తయ్యా. మీరు చేమదుంప తినకుండా జాగ్రత్తగా ఉండండి" అంది. పాత మనిషి తిరిగొచ్చిందని నాకప్పుడు నమ్మకం కలిగింది.

మనసు వచ్చింది, కాళ్ళు పూర్తిగా రాలేదు. ఆలస్యమైందన్నాడు డాక్టరు. ఆ ఒక్క మాట చెప్పి కంప్యూటర్ వైపు తిరిగాడు. చీకట్లో ఆమె గోడ పట్టుకునే నడవాలి. కారు మళ్ళీ ముట్టుకోలేదు. ఈఏడీ వచ్చింది, డ్రాయర్‌లో ఉంది. పాట్‌లక్‌లో ఇప్పటికీ కొత్తవాళ్ళకి ఆమెని చూపించి, "పాపం, డిప్రెషన్‌లోంచి బయటపడింది" అని చెప్తారు. నేను సరిదిద్దుతాను. తలూపి, మళ్ళీ అదే చెప్తారు.

ఇప్పుడు మధ్యాహ్నాలు మా ఇంటికొచ్చి, బీన్స్ ఈనెలు తీస్తూ, "పాప ఆరో ఏట ఎలా ఉండేదో చెప్పక్కా" అంటుంది. ఆ నాలుగేళ్ళు ఆమెకి ముక్కలు ముక్కలుగానే గుర్తున్నాయి. నేను చెప్తాను. మొదటి పన్ను ఊడితే రుమాల్లో మూటకట్టి మా ఇంటికి పరిగెత్తుకొచ్చింది, స్కూల్లో చెట్టు వేషం వేస్తే కదలకుండా నిలబడి నిలబడి నిద్రపోయింది, జ్వరంలో "అమ్మా" అని పిలిస్తే నేను పలికాను. ఆ చివరిది చెప్పినప్పుడు ఆమె చేతిలో కాయ ఆగింది. "తను కళ్ళు తెరిచి చూసిందా?" అని అడిగింది. చూసిందన్నాను. ఆమె తరవాతి కాయ అందుకుంది.

కాలం ఎక్కడికో పోతుందంటారు. అదే నిజమైతే బాగుండేది. ఆ నాలుగేళ్ళూ ఎక్కడికీ పోలేదు. కన్నతల్లి దగ్గర ఉండాల్సినవి నా దగ్గర ఉన్నాయి, తిరిగి ఇచ్చే దారి మాత్రం లేదు.